ఇంట్లో ఒకరికి ఏడీహెచ్‌డీ ఉంటే: గుర్తుచేసే భారాన్ని మనిషి మీద నుంచి దించడం ఎలా

పెద్దవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలపడంలో ఇబ్బంది, తొందరపాటు, అస్థిమితం ఉండే మెదడు తీరు) ఉంటుంది. వాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు. ఇంట్లో మాత్రం దానికి వేరే పేర్లు ఎప్పుడో పడిపోయి ఉంటాయి: బద్ధకం, లెక్కలేనితనం, మతిమరుపు, ‘నా మీద ప్రేముంటే గుర్తుండేది కదా’. ఈ పేర్లు పదేళ్లు వినిపించాక భార్యాభర్తల మధ్య మిగిలేది ఒకరి అలసట, ఇంకొకరి సిగ్గు.

ఏడీహెచ్‌డీ ఉన్న మనిషికి పని తెలుసు, చెయ్యాలనే ఉంటుంది. తెలిసిన పనిని సరైన సమయానికి గుర్తుకు తెచ్చుకుని మొదలుపెట్టడం దగ్గరే తడబాటు. ఆ ఖాళీని ఇంట్లో రెండో మనిషి తన నోటితో, తన జ్ఞాపకంతో పూడుస్తూ వస్తారు. కాపురాన్ని దెబ్బతీసేది ఎక్కువగా ఈ ఏర్పాటే. కాబట్టి ముందు మార్చాల్సింది దీన్నే: గుర్తుచేసే పని జీవిత భాగస్వామి దగ్గర నుంచి గోడ మీదికి, ఫోన్‌లోకి, బ్యాంకు ఆటోపేలోకి, గుమ్మం పక్కన కొక్కేనికి వెళ్లిపోవాలి.

ముందు ఏం జరుగుతోందో గమనించండి

మొదటిది, అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకునే జ్ఞాపకం బలహీనంగా ఉంటుంది. స్టవ్ మీద పాలు పెట్టి, ఫోన్ మోగితే తీసి, మాట్లాడుతూ బాల్కనీలోకి వెళ్తే పాల సంగతి మనసులోంచి పూర్తిగా తుడిచిపెట్టుకుపోతుంది. మాడిన వాసన వచ్చాకే మళ్లీ గుర్తొస్తుంది. ‘ఇంత చిన్న విషయం ఎలా మర్చిపోతావు?’ అనే ప్రశ్నకు ఆ మనిషి దగ్గర నిజంగా జవాబు ఉండదు.

రెండోది సమయం. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు చాలావరకు కాలం రెండు ముక్కలు: ‘ఇప్పుడు’, ‘తర్వాత’. వచ్చే గురువారం, వచ్చే నెల, వచ్చే ఏడాది అన్నీ ‘తర్వాత’లోనే ఉంటాయి. గడువు మీదికి వచ్చి ‘ఇప్పుడు’ అయితే తప్ప పని కదలదు. అందుకే ఆఖరి రోజు రాత్రి కూర్చుని అద్భుతంగా పూర్తిచేసే మనిషే, నెలరోజుల వ్యవధి ఉన్న చిన్న ఫారం నింపలేకపోతారు.

మూడోది భాగస్వామికి అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది. ఈ మెదడు ముఖ్యమైన విషయం వైపు కన్నా కొత్తగా, ఆసక్తిగా, అత్యవసరంగా ఉన్నదాని వైపు తేలిగ్గా వెళ్తుంది. నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య రోజుల్లో రాత్రి రెండింటిదాకా ఫోన్‌లో మాట్లాడి, ప్రతి చిన్న ఇష్టాన్నీ గుర్తుపెట్టుకున్న అబ్బాయి, పెళ్లయిన ఏడాదికల్లా ఎదురుగా కూర్చున్నా వినడు. అమ్మాయికి అది మోసంలా అనిపిస్తుంది. ఆ కొత్తదనం ఇచ్చిన ఏకాగ్రత నిజమే, ప్రేమా నిజమే. కొత్తదనం తగ్గాక ఏకాగ్రతను విడిగా ఏర్పాటు చేసుకోవాలని ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు, అంతే. ‘క్రికెట్ అయితే మూడు గంటలు కదలకుండా చూస్తారు, నా మాట మూడు నిమిషాలు వినరు’ అన్న ఫిర్యాదు దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. ఏకాగ్రత అసలే లేకపోవడం కన్నా, దాన్ని కావలసిన చోటికి తిప్పలేకపోవడమే ఈ సమస్య అని ఈ ఫిర్యాదే చెబుతుంది.

వీటికి తోడు కోపం, బాధ, ఉత్సాహం వేగంగా పైకి లేస్తాయి, కాసేపటికి తగ్గిపోతాయి. అన్న మనిషి అరగంటలో మర్చిపోతారు. పడ్డ మనిషి మర్చిపోరు.

చెప్పే పద్ధతి

వంటింట్లోంచి కేక వేసి చెప్పిన పని చెప్పినట్టు కాదు. ఫోన్ చూస్తున్నప్పుడు చెప్పినదీ కాదు. ‘ఊఁ’ అన్నారు కాబట్టి విన్నారని అనుకోకండి. ఆ ‘ఊఁ’ మాట తలకెక్కకుండానే వచ్చేస్తుంది. ‘చెప్పాను కదా’, ‘ఎప్పుడు చెప్పావు?’ అనే గొడవలో ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

ఇలా చెయ్యండి. దగ్గరికి వెళ్లి పేరు పెట్టి గానీ, మీరు పిలుచుకునే పిలుపుతో గానీ పిలవండి. కళ్లు కలిసేదాకా ఆగండి. ఒక్క పనే చెప్పండి, ఎప్పటికల్లా కావాలో కూడా చెప్పండి: ‘శనివారం సాయంత్రం 6 లోపు గ్యాస్ బుక్ చెయ్యాలి.’ విన్నవాళ్లు అక్కడే, ఆ క్షణమే ఫోన్‌లో రాసుకోవాలి లేదా రిమైండర్ పెట్టుకోవాలి. ‘గుర్తుంటుందిలే’ అనే మాటను ఇంట్లోంచి తీసేయండి. రాసుకోవడం విన్నవాళ్ల బాధ్యత, రాసుకునే ఆ 15 సెకన్లు ఆగడం చెప్పినవాళ్ల బాధ్యత. మూడు పనులుంటే మూడూ ఒకే మెసేజ్‌లో కలిపి పంపకండి, మొదటిదో చివరిదో మాత్రమే జరుగుతుంది. మూడు విడి మెసేజ్‌లు పంపండి.

ఒకసారి రాసుకున్నాక మళ్లీ అడగకూడదు. ఇది చాలా కష్టం. కానీ మీరు మళ్లీ అడిగినంతకాలం అలారం మీరే అవుతారు, ఫోన్‌లోది పనిచెయ్యదు.

ఒక పనికి ఒకరే బాధ్యులు

‘ఇంటిపనిలో సాయం చేస్తాను’ అన్న ఏర్పాటు ఏడీహెచ్‌డీ ఉన్న ఇంట్లో నిలబడదు. సాయం అంటే ఎవరో చూసి, గుర్తుపెట్టుకుని, అడగాలి. ఆ మూడూ మళ్లీ రెండో మనిషి మీదే పడతాయి. బట్టల పని మీదైతే మురికి బట్టల బుట్ట నిండిందని చూడటం, సర్ఫ్ అయిపోయేలోపు తెప్పించడం, మెషిన్ వెయ్యడం, ఆరేయడం, మడతపెట్టి బీరువాలో పెట్టడం అన్నీ మీవే. ఎక్కువగా తెగిపోయేది మధ్యలోనే: మెషిన్ వేసి మర్చిపోతారు, తడిబట్టలు రాత్రంతా అందులోనే ఉండి వాసన వస్తాయి. కాబట్టి మెషిన్ బటన్ నొక్కిన చేత్తోనే, అది ఆగే నిమిషానికి ఫోన్‌లో టైమర్ పెట్టడం కూడా ఆ పనిలో భాగమే.

పంచుకునేటప్పుడు సరిసమానంగా గీత గీయడం కన్నా పని స్వభావం చూడండి. ఒంటితో చేసేవి, వెంటనే ఫలితం కనిపించేవి, బయటినుంచి గడువున్నవి ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు బాగా నడుస్తాయి: కూరగాయల మార్కెట్, గిన్నెలు, పిల్లల్ని ఆటకు తీసుకెళ్లడం, బండి కడగడం, చుట్టాలొచ్చినప్పుడు వంట. అత్యవసరం వస్తే వీళ్లంత చురుగ్గా కదిలేవాళ్లు తక్కువ. నెమ్మదిగా, నిశ్శబ్దంగా గడువు దాటిపోయేవి వాళ్ల చేతిలో పెట్టకండి: ఇన్సూరెన్స్ రెన్యువల్, స్కూల్ ఫీజు, పాస్‌పోర్టు, ఆస్తిపన్ను. తప్పనిసరిగా వాళ్లే చెయ్యాల్సిన కాగితాల పని ఏదైనా ఉంటే, ఉదాహరణకు ఆదాయపు పన్ను రిటర్న్, పక్కన ఒకరు కూర్చోండి. పర్యవేక్షించవద్దు, సలహా ఇవ్వవద్దు. మీ పుస్తకమో మీ లాప్‌టాప్ పనో చేసుకుంటూ అదే బల్ల దగ్గర 40 నిమిషాలు ఉండండి. పక్కన మనిషి ఉంటే పని మొదలవుతుంది, సాగుతుంది. దీని ఫలితం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు.

ఉదయం 7:40 బస్సు

ఏ ఇంట్లోనైనా ఎక్కువ గొడవలు స్కూలు వేళకే. దీన్ని ఒకసారి వెనక నుంచి లెక్కకట్టి చూడండి. బస్సు 7:40కి మలుపు దగ్గరికి వస్తుంది. నడక 4 నిమిషాలు, అంటే 7:36కి గేటు దాటాలి. బూట్లు, బ్యాగు, లిఫ్టు కలిపి 6 నిమిషాలు, కాబట్టి 7:30కి బూట్లు. టిఫిన్‌కు 20, అంటే 7:10కి ప్లేటు ముందుండాలి. స్నానం, యూనిఫాం 25, అంటే 6:45. లేపడానికి 15, అంటే 6:30.

ఈ నిమిషాలను ఊహించి రాయకండి. మూడు ఉదయాలు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కొలవండి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు ‘స్నానం ఐదు నిమిషాలు’ అని నమ్మకంగా చెబుతారు, కొలిస్తే పదిహేను దాటుతుంది.

తర్వాత మూడు అలారాలు: 6:45, 7:10, 7:30. అలారం పేరులో చెయ్యాల్సిన పని ఉండాలి. ‘స్కూలు’ అని పెడితే చూసి ఆపేస్తారు. ‘బూట్లు వేయించు’ అని పెడితే చెయ్యి కదులుతుంది. ఫోన్ జేబులో ఉంటే అలారం చూడకుండానే ఆగిపోతుంది కాబట్టి ఉదయం పూట ఫోన్‌ను గుమ్మం దగ్గర అరలో పెట్టండి, ఆపడానికి అక్కడిదాకా నడవాలి. స్నానాల గదిలో ముళ్లున్న గడియారం ఒకటి తగిలించండి. అంకెల గడియారం ఇప్పుడు ఎంతైందో చెబుతుంది. ముళ్ల గడియారంలో ఎంత సమయం జారిపోయిందో కంటికి కనిపిస్తుంది.

రాత్రి 9కే ముగించాల్సినవి: డైరీ సంతకం, బ్యాగు సర్దడం, ఇస్త్రీ యూనిఫాం, సాక్సులు బూట్లలోపల, తాళాలు కొక్కేనికి. ఉదయం నిర్ణయాలు ఎన్ని తక్కువుంటే అంత మంచిది. తాళం, పర్సు, మాత్రల డబ్బా, ఆఫీసు కార్డు కంటికి ఎదురుగా ఉండాలి. తలుపున్న అల్మరాలో, సొరుగులో పెట్టింది ఈ మెదడుకు లేనట్టే లెక్క. ఇల్లు అందంగా సర్దాలని అన్నీ లోపల దాచేసే అలవాటు మీకుంటే, గుమ్మం పక్కన రెండడుగుల గోడ మాత్రం వదిలిపెట్టండి.

ఈ ఏర్పాటు మూడు నాలుగు వారాలు బాగా నడిచి ఒకరోజు ఆగిపోతుంది. తప్పకుండా ఆగుతుంది. అలారం శబ్దం చెవికి అలవాటైపోతుంది, గోడమీద అంటించిన వేళల చార్టు గోడలో కలిసిపోతుంది. ‘చూశావా, ఇదీ అంతే’ అని ఇద్దరూ వదిలేసేది ఇక్కడే. పద్ధతి తప్పేమీ కాలేదు, కొత్తదనం అయిపోయింది. అలారం ట్యూన్ మార్చండి, చార్టు రంగు మార్చండి, చోటు మార్చండి. నెలకోసారి మార్చాలని ముందే అనుకుంటే ఎవరికీ నిరాశ ఉండదు.

డబ్బు

తొందరపాటు కొనుగోళ్లు, ఆలస్య రుసుములు ఈ రెండే ప్రధానం. కరెంటు, ఫోన్, ఇంటర్నెట్, ఈఎంఐ, ఇన్సూరెన్స్ ప్రీమియం వీలైనవన్నీ ఆటోపేలో పెట్టండి, జీతం పడిన మరుసటి రోజుకి తేదీ పెట్టండి. యూపీఐ ఆటోపేలో సాధారణంగా 15,000 రూపాయల వరకు ప్రతిసారీ పిన్ అడగదు. క్రెడిట్ కార్డుకు ఆటో డెబిట్ పెట్టేటప్పుడు ‘కనీస మొత్తం’ కాకుండా ‘మొత్తం బాకీ’ ఎంచుకోండి. కనీస మొత్తం పెట్టేసి నిశ్చింతగా ఉంటే వడ్డీ కనిపించకుండా పెరుగుతుంది.

జీతం ఖాతా నుంచి విడిగా ఇంకో ఖాతా తెరిచి, అందులోకి ప్రతి వారం ఒక నిర్ణీత మొత్తం వెళ్లేలా చెయ్యండి. ఆ డబ్బుకి లెక్క అడగకూడదు, అయిపోతే మళ్లీ నింపకూడదు. షాపింగ్ యాప్‌లలో దాచిన కార్డు వివరాలు తీసేయండి. ఇద్దరూ కలిసి ఒక మొత్తం అనుకోండి, అంతకు మించిన వస్తువు కార్ట్‌లో 48 గంటలు ఆగాలి. లోన్ యాప్‌ల విషయంలో మాత్రం మధ్యేమార్గం లేదు, ఫోన్‌లోనే ఉండకూడదు. భాగస్వామికి తెలియకుండా చేసిన అప్పు బయటపడితే, మర్చిపోయిన వంద పనులకన్నా ఎక్కువ నమ్మకం పోతుంది. ఇప్పటికే అప్పుంటే ఈ వారమే చెప్పేయండి, మొత్తం ఒకేసారి చెప్పండి.

వారానికి 20 నిమిషాలు

ఆదివారం టిఫిన్ తర్వాత, క్యాలెండర్ ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. రాబోయే ఏడు రోజుల్లో ఎవరు ఎక్కడ ఉంటారు, ఏ గడువులున్నాయి, ఏ పెళ్లికి ఏ రోజు బయల్దేరాలి, ఏ పని ఎవరిది. అంతే. పోయిన వారం జరగనివాటి విచారణ ఇక్కడ వద్దు. ఇది ఎక్కువగా చెడిపోయేది అందుకే: మూడో నిమిషానికి ‘అసలు పోయిన వారం...’ అని మొదలై, ఏడీహెచ్‌డీ ఉన్న మనిషికి అదొక పంచాయతీలా తోచి, తర్వాతి ఆదివారం ఏదో పని గుర్తొస్తుంది. జరగని పని ఉంటే ఒక్క ప్రశ్న అడగండి: ‘ఎక్కడ తెగింది? రాసుకోలేదా, చూడలేదా, మొదలుపెట్టలేకపోయావా?’ మూడింటికీ మందు వేరు. రాసుకోకపోతే చెప్పే పద్ధతి, చూడకపోతే రిమైండర్ చోటు, మొదలుపెట్టలేకపోతే పక్కన కూర్చోవడం. టైమర్ 20 నిమిషాలకు మోగగానే లేచిపోండి.

గొడవ ముదిరినప్పుడు

గొంతు పెరిగిందంటే ఆ క్షణంలో ఎవరి మాటా ఎవరి బుర్రకూ ఎక్కదు. ఎవరైనా ‘అరగంట ఆగుదాం, 8:30కి మాట్లాడదాం’ అనొచ్చు. సమయం చెప్పి తీరాలి, చెప్పకుండా వెళ్లిపోతే అవతలి మనిషికి అది వదిలేసి పోవడమే. ఆగుదామన్న మనిషే 8:30కి తిరిగి రావాలి, మర్చిపోతారు కాబట్టి అక్కడే అలారం పెట్టుకోవాలి. ఆ అరగంటలో మెట్లు ఎక్కి దిగడం, నడక, చల్లనీళ్లతో మొహం కడుక్కోవడం పనికొస్తాయి. అమ్మకు ఫోన్ చేసి చెప్పుకోవడం పనికిరాదు.

ఒక విషయం స్పష్టంగా ఉండాలి. చెయ్యి చేసుకోవడం, బెదిరించడం, బయటికి వెళ్లనివ్వకపోవడం ఏడీహెచ్‌డీ లక్షణాలు కావు. అవి జరుగుతుంటే పైన చెప్పిన అలారాలూ చార్టులూ మీకు పరిష్కారం కాదు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యండి.

ఇల్లాలికే ఏడీహెచ్‌డీ ఉంటే

మగవాడు మర్చిపోతే ‘మగాళ్లంతే’ అని సరిపెడతారు. ఆడమనిషి మర్చిపోతే పెంపకం దాకా వెళ్తారు. వంట, పండగలు, వ్రతాలు, చుట్టాల పుట్టినరోజులు, పిల్లల టీకాలు, పనిమనిషి లెక్క: ఇల్లు నడపడమంటే ఏడీహెచ్‌డీకి అసలు పడని పనులన్నీ ఒకచోట చేరడమే. పైగా ఆడవాళ్లలో గెంతులూ అల్లరీ కన్నా పరధ్యానం రూపంలో ఎక్కువగా ఉంటుంది కాబట్టి చిన్నప్పుడు ఎవరూ గుర్తించరు. చాలామంది దిగులు, ఆందోళన అంటూ ఏళ్ల తరబడి మందులు వాడాక గానీ, లేదా తమ బిడ్డకు నిర్ధారణ జరిగినప్పుడు గానీ తెలుసుకోరు. ఈ స్థితి బలంగా వంశపారంపర్యం. బిడ్డకు ఉందంటే తల్లిదండ్రుల్లో ఒకరికి ఉండే అవకాశం తోసిపుచ్చలేం.

అత్తమామలతో కలిసి ఉంటే అందరికీ పేరు చెప్పి ఒప్పించాలని చూడకండి. కావలసింది మాత్రమే చెప్పండి, అది కూడా భర్తే తన అమ్మానాన్నలతో చెప్పాలి: ‘మీ మందుల టైం ఇకనుంచి నేను చూసుకుంటానమ్మా, తనని అడగొద్దు.’ కోడలు నోటితో ఇదే మాట వస్తే సాకులా వినిపిస్తుంది. పెళ్లి సంబంధాల దశలో ఉన్నవాళ్లకు మా సలహా, నిశ్చితార్థానికి ముందే అబ్బాయీ అమ్మాయీ నేరుగా మాట్లాడుకోవాలి. దాచి చేసుకుంటే తర్వాత ప్రతి మర్చిపోవడమూ మోసంగా కనిపిస్తుంది.

డాక్టరు దగ్గరికి

వెళ్లాల్సింది సైకియాట్రిస్టు దగ్గరికి. ముందు ఇంట్లో ఏఎస్‌ఆర్‌ఎస్ అనే ప్రశ్నావళి చూసుకోవచ్చు; మొదటి 6 ప్రశ్నల్లో 4 లేదా ఎక్కువ నిర్దేశించిన స్థాయికి చేరితే డాక్టరును కలవడం మంచిదని అర్థం. అది నిర్ధారణ కాదు. మానసిక వైద్యులు నిర్ధారణకు వాడే, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే ప్రమాణ గ్రంథం ప్రకారం 17 ఏళ్లు నిండినవాళ్లలో పరధ్యానానికి సంబంధించిన 9 లక్షణాల్లో గానీ, తొందరపాటు-అస్థిమితానికి సంబంధించిన 9లో గానీ కనీసం 5 ఉండాలి. అవి ఆరు నెలలకు పైగా ఉండాలి, ఇల్లు, ఆఫీసు వంటి రెండు చోట్లయినా కనిపించాలి, వాటిలో కొన్ని 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. అందుకే పాత ప్రోగ్రెస్ కార్డులు పట్టుకెళ్లండి. ‘తెలివైనవాడు, శ్రద్ధ లేదు’ అని టీచరు రాసిన ఒక్క వాక్యం చాలా పనిచేస్తుంది. అమ్మతోనో అన్నతోనో డాక్టరు మాట్లాడితే ఇంకా మంచిది. జీవిత భాగస్వామి కూడా వెళ్లాలి, ఎందుకంటే ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు తమ ఇబ్బందిని తక్కువగా చెబుతారు. థైరాయిడ్, రక్తహీనత, గురకతో నిద్ర చెడటం, డిప్రెషన్, బైపోలార్ కూడా ఇలాంటి పరధ్యానాన్నే తెస్తాయి. వీటి గురించి అడగకుండా ఐదు నిమిషాల్లో మందు రాస్తే రెండో అభిప్రాయం తీసుకోండి.

మన దేశంలో ఎక్కువగా వాడేవి మిథైల్‌ఫెనిడేట్, అటామోక్సెటిన్. మొదటిది గంటలోపే పనిచేయడం మొదలుపెడుతుంది. మామూలు మాత్ర 3-4 గంటలు, నెమ్మదిగా విడుదలయ్యేది 8 గంటలు లేదా ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. రెండోది రోజూ వేసుకుంటూ పోతే కొన్ని వారాలకు గానీ తేడా తెలియదు. పది రోజులకే ‘పనిచెయ్యలేదు’ అని ఆపేయడం మామూలుగా జరిగే పొరపాటు. రెండిటికీ బీపీ, నాడి, బరువు చూస్తూ ఉండాలి. ఆకలి తగ్గవచ్చు, మిథైల్‌ఫెనిడేట్ ఆలస్యంగా వేసుకుంటే నిద్ర పట్టదు. గర్భం ప్లాన్ చేస్తుంటే ముందే డాక్టరుకు చెప్పండి. మిథైల్‌ఫెనిడేట్ 1985 ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల నియంత్రణ చట్టం) కింద నియంత్రణలో ఉన్న మందు, అన్ని మెడికల్ షాపుల్లో దొరకదు. వారం రోజుల మాత్రలు మిగిలుండగానే కొత్త చీటీ కోసం రిమైండర్ పెట్టుకోండి. విదేశాల నుంచి వచ్చేవాళ్లు, వెళ్లేవాళ్లు మందును అసలు డబ్బాలోనే, డాక్టరు ఉత్తరంతో తీసుకెళ్లాలి. ఆ దేశంలో ఆ మందుకు అనుమతి ఉందో లేదో ముందే రాయబార కార్యాలయం దగ్గర కనుక్కోవాలి.

ఉదయం వేసుకున్న మిథైల్‌ఫెనిడేట్ ప్రభావం సాయంత్రానికి దిగిపోతుంది. భర్త ఆఫీసు నుంచి వచ్చే ఏడు గంటలకు చిరాకుగా ఉంటే, ఆఫీసువాళ్లకు మంచి మనిషి, ఇంటికి మిగిలింది ఇదా అనిపిస్తుంది. ఆ సమయాన్ని డాక్టరుకు చెబితే మోతాదు, వేళ సర్దవచ్చు. అప్పటిదాకా ముఖ్యమైన మాటలు ఉదయం పదకొండుకో సెలవురోజు పగలో పెట్టుకోండి. ఏ మందూ తాళాల కొక్కెం బిగించదు, పైన చెప్పిన ఏర్పాట్లు మందుతో పాటు ఉండాల్సిందే.

ఒప్పుకోకపోతే

‘నాకేం జబ్బు లేదు’ అన్న మనిషితో వాదించి గెలవలేరు. పేరు పక్కన పెట్టి ఒక్క ఇబ్బంది తీసుకోండి, ఉదాహరణకు బిల్లులు, ఆటోపే పెట్టించండి. రెండు నెలలు సాగితే ఇంకోటి. ఈలోగా మీరు ఏవి మొయ్యరో నిర్ణయించుకుని ముందుగా చెప్పండి: ‘ఆఫీసుకు ఇకనుంచి నేను లేపను.’ చెప్పాక లేపకండి, ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా సరే. పిల్లల భద్రతకు, మందులకు, గ్యాస్ స్టవ్‌కు మాత్రం ఈ నియమం వర్తించదు. మీ నిద్ర, మీ స్నేహితులు, మీ నడక ఆపకండి. సొంతంగా కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడానికి అవతలి మనిషి అంగీకారం అక్కర్లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రభుత్వ వైద్యం కావాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం, విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉంటాయి. ఓపీ వేళలు ముందే కనుక్కుని, పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీలు ఒకే కవర్లో పెట్టుకుని బయల్దేరండి.